తలుపు మీరే తెరవాలి

సైలెంట్ హిల్ 2 అనే వీడియో గేమ్ మొదలైన చాలాసేపటి వరకూ ఏమీ జరగదు. మూడేళ్ళ కిందట చనిపోయిన భార్య పేరుతో ఉత్తరం వస్తే, ఆమె రమ్మన్న ఊరి పొలిమేరలో కారు ఆపుతాడు జేమ్స్ సండర్లాండ్. అక్కడినుంచి ఊళ్ళోకి సరస్సు పక్కగా ఓ అడవి దారి ఉంటుంది. చుట్టూ పొగమంచు. ఆ దారి వెంట జేమ్స్‌ను నడిపించడమే ఆడేవాళ్ళు చేయాల్సిన పని. దెయ్యం ఎదురుపడదు, ఎవరూ మీద పడరు, అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. నడక నిమిషాల తరబడి సాగుతుంది. ఇంతసేపు ఏమీ జరగకపోతే ఏదో జరగబోతోందని మనసు దానంతటదే లెక్కలు వేయడం మొదలుపెడుతుంది. జపాన్ సంస్థ కొనామి 2001లో దీన్ని ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. ఇంతకన్నా ఘోరమైన ఆకారాలను, ఇంతకన్నా ఎక్కువ రక్తాన్ని చూపించిన గేములు ఆ తర్వాత ఎన్నో వచ్చి వెళ్ళాయి. వాటిలో చాలావాటిని జనం మరిచిపోయారు. ఏమీ జరగని ఈ నడక గురించి మాత్రం ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఈ కోవ గేముల్ని సర్వైవల్ హారర్ అంటారు. చంపడం, గెలవడం కన్నా ప్రాణాలతో బయటపడటం ఇందులో ముఖ్యం. 1989లో జపాన్‌లో క్యాప్‌కామ్ సంస్థ కియోషీ కురోసావా సినిమా ఆధారంగా చేసిన స్వీట్ హోమ్, 1992లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అలోన్ ఇన్ ది డార్క్ దీనికి పునాదులు. ఆ పేరు అందరి నోళ్ళలో పడింది మాత్రం 1996లో షింజీ మికామీ దర్శకత్వంలో క్యాప్‌కామ్ తెచ్చిన రెసిడెంట్ ఈవిల్‌తోనే. ఈ కుటుంబంలో గట్టిగా అరిచి భయపెట్టే పిల్లలూ ఉన్నారు, నెమ్మదిగా గుబులు పుట్టించే పిల్లలూ ఉన్నారు. ఈ వ్యాసం రెండో రకం గురించి. గుబులు పుట్టించే గేముల్లో భయానికి మూలం రాక్షసుడి ముఖంలో ఉండదని నా వాదన. సగం తెలిసి సగం తెలియని స్థితిలో మనల్ని నిలబెట్టి, తర్వాతి అడుగు మన చేతే వేయించడంలో ఉంటుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తీసేసినా భయం పలచబడిపోతుంది. రెండూ కలిసినప్పుడు పుట్టే అనుభవం సినిమా, నవల కూడా ఇవ్వలేనిది. అందుకే దీన్ని కాలక్షేపం కింద కొట్టిపారేయకుండా ఒక కళగా చూడాలని అడుగుతున్నాను.

ముందు సగం తెలియడం సంగతి చూద్దాం. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 45 మందిని కూర్చోబెట్టి కంప్యూటర్ మీద ఓ చిన్న ఆట ఆడించారు. తెర మీద రాళ్ళు ఉంటాయి. ఏ రాయి కింద పాము ఉందో ఊహించాలి. పాము బయటపడితే చేతికి నొప్పి తెలిసేంత కరెంటు షాక్ తగులుతుంది. చెమటనూ కంటిపాప విప్పారడాన్నీ కొలిచి చూస్తే, షాక్ తప్పదని ఖాయంగా తెలిసినప్పటికన్నా, తగిలే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉంది. నొప్పి తప్పదని తేలిపోతే శరీరం సిద్ధపడిపోతుంది. తేలకపోతే సిద్ధపడుతూనే ఉంటుంది, అలసిపోయేదాకా. దీనికి భిన్నమైనది ఉలికిపాటు. నిశ్శబ్దంలో ఒక్కసారిగా పెద్ద శబ్దం చేస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. అది ఆలోచనతో పనిలేని శరీర ప్రతిస్పందన. అదే శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వినిపిస్తే క్రమంగా తగ్గిపోతుంది కూడా. గుబులు సంగతి అలా కాదు. సినిమా వాళ్ళకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. బల్లకింద బాంబు ఉందని ప్రేక్షకులకు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఆశ్చర్యం, ముందే చెప్పి పాత్రల చేత కబుర్లు చెప్పిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ అని ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ వివరించిన సంగతి ప్రసిద్ధం. అయితే హిచ్‌కాక్ ప్రేక్షకుడు ఏమీ చేయలేడు. అతను కళ్ళు మూసుకున్నా సినిమా ముందుకు పోతుంది, బాంబు పేలాల్సిన సమయానికి పేలుతుంది. గేములో మనం కదిలితే తప్ప కథ కదలదు. ఆ రాయిని ఎత్తాల్సిన చెయ్యి మనది.

ఈ సగం తెలియడాన్ని తెర మీద ఎలా కడతారో సైలెంట్ హిల్ గేముల్లో స్పష్టంగా కనిపిస్తుంది. చూపును పొగమంచు కొద్ది అడుగుల దూరంలోనే ఆపేస్తుంది. దానికి బదులుగా ఆటగాడికి ఓ చిన్న రేడియో దొరుకుతుంది. వికృతాకారాలు దగ్గరికి వస్తే అది గరగరమంటుంది. ఏదో ఉందని తెలుస్తుంది. ఎక్కడుందో, ఏమిటో, ఎన్ని ఉన్నాయో తెలియదు. సహాయం చేయడానికి ఇచ్చిన వస్తువే భయాన్ని మోసుకొస్తుంది. టార్చిలైటు కూడా అంతే. వేస్తే మనకు దారి కనిపిస్తుంది, వాటికి మనం కనిపిస్తాం. శబ్దాల పని చూసిన అకీరా యమవోకా లోహం మీద లోహం రాసుకున్నట్టుండే మోతల పక్కనే పూర్తి నిశ్శబ్దాన్ని పెట్టాడు. ఆ మోత ఆగినప్పుడు ఊరట కలగాలి, కలగదు. ఎందుకాగిందన్న ప్రశ్న మిగులుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. ఆ పొగమంచు కళ కాదు, చేతకానితనం అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. 1999లో మొదటి సైలెంట్ హిల్ వచ్చినప్పటి ప్లేస్టేషన్‌కు ఊరంతటినీ దూరం దాకా గీసి చూపించే శక్తి లేదు. దూరాన ఉన్నవి ఉన్నట్టుండి తెర మీదికి ఊడిపడకుండా కప్పిపుచ్చడానికి మంచు, చీకటి అక్కరకొచ్చాయి. కాని పుట్టుక అవసరం నుంచి వచ్చినంత మాత్రాన అందులో కళ లేదనడం ఎలా? రెండేళ్ళ తర్వాత అంతకన్నా ఎంతో శక్తి ఉన్న ప్లేస్టేషన్ 2 మీద కూడా ఆ మంచును ఉంచుకున్నారు. 2024లో పోలండ్ సంస్థ బ్లూబర్ టీమ్ సైలెంట్ హిల్ 2ను కొత్తగా తిరిగి నిర్మించినప్పుడు, వీధులన్నింటినీ అంచుల దాకా చూపించగల యంత్రాలు ఉండి కూడా మంచును తీసేయలేదు. ఈ రెంటికన్నా గట్టి సాక్ష్యం 2012లో వచ్చిన హెచ్‌డీ కలెక్షన్. పాత గేములను కొత్త యంత్రాలకు తెచ్చే ఆ ప్రయత్నంలో పొగమంచు సరిగా కుదరలేదు. కొన్నిచోట్ల పలచబడి, కప్పి ఉంచాల్సిన అంచులు బయటపడ్డాయి. బొమ్మ నాణ్యత లెక్క ప్రకారం పెరిగింది, భయం తగ్గింది, అభిమానులు మండిపడ్డారు. కథ అదే, రాక్షసులు అవే, మారింది ప్రధానంగా మనకు కనిపించే దూరం. దాచడంలో ఎంత పని జరుగుతోందో చూపించడానికి ఎవరూ కావాలని చేయని పరీక్ష అది.

ఇక రెండో సగం, అడుగు మన చేత వేయించడం. రెసిడెంట్ ఈవిల్ దీన్ని లేమితో సాధించింది. తూటాలు లెక్కగా దొరుకుతాయి. క్రిస్ అనే పాత్రను ఎంచుకుంటే అతని దగ్గర ఆరు వస్తువులకే చోటు ఉంటుంది, జిల్ దగ్గర ఎనిమిదింటికి. మన ఆటను భద్రం చేసుకోవడానికి, అంటే సేవ్ చేయడానికి కూడా టైపురైటర్ రిబ్బన్ ఖర్చుపెట్టాలి, అవీ కొన్నే ఉంటాయి. దీనివల్ల ప్రతి గదీ ఒక బేరం అవుతుంది. ఎదురుగా ఉన్న నడిచే శవాన్ని కాల్చాలా, తప్పించుకొని పోవాలా? 2002లో ఇదే గేమును తిరిగి చేసినప్పుడు ఆ బేరాన్ని ఇంకా కఠినం చేశారు. కూల్చిన శవాలను తగలబెట్టకపోతే, తల పగిలి ఉండకపోతే, కొంతసేపటికి అవి ఎర్రబారి, అంతకుముందు కన్నా వేగంగా లేచి వస్తాయి. తగలబెట్టడానికి కిరసనాయిలు కొంచెమే ఉంటుంది. మన ఇష్టంతో చేసిన పని, గెలిచామనుకున్న పని, వెనకాల గదిలో పడి ఉండి మన మీద బాకీలా మిగిలిపోతుంది. మళ్ళీ ఆ వరండాలోంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడు భయపెట్టేది ఆ శవం ఒక్కటే కాదు, దాన్ని అలా వదిలేసింది మనమేనన్న జ్ఞాపకం కూడా.

చూడటం అనే అతి మామూలు పనిని కూడా ఇలా ప్రమాదంగా మార్చవచ్చు. స్వీడన్‌లోని ఫ్రిక్షనల్ గేమ్స్ 2010లో తెచ్చిన అమ్నీషియా: ది డార్క్ డిసెంట్‌లో ఆటగాడి చేతికి ఆయుధమే ఇవ్వలేదు. 1839 నాటి ప్రష్యాలో ఓ కోట, గతం మరిచిపోయిన డేనియల్ అనే యువకుడు, చేతిలో ఓ లాంతరు. చీకట్లో ఎక్కువసేపు ఉంటే డేనియల్‌కు మతి చలిస్తుంది. వెలుగులో ఉంటే తిరుగుతున్న జీవాలు అతన్ని పట్టేస్తాయి. వాటివైపు కన్నెత్తి చూసినా మతి చలిస్తుంది. కాబట్టి గోడ వైపు ముఖం తిప్పుకొని, వెనక ఏం జరుగుతోందో చెవులతో మాత్రమే అంచనా వేస్తూ నిలబడాలి. దీనికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది 2001 నాటి జపాన్ గేమ్ ఫేటల్ ఫ్రేమ్. అందులో దెయ్యాలను ఎదుర్కోవడానికి ఉన్న ఏకైక సాధనం ఓ పాత కెమెరా. ఫొటో తీస్తే దెయ్యం బలం తగ్గుతుంది. అది ఎంత దగ్గరికొచ్చాక, మీద పడబోయే క్షణంలో ఎంత సరిగ్గా తీస్తే అంతగా తగ్గుతుంది. అంటే పారిపోవాలనిపించే ముఖాన్ని చట్రం నిండా చూస్తూ ఓపిక పట్టాలి. ఒకటి చూడవద్దంటుంది, మరొకటి చూసి తీరమంటుంది. రెండూ మన శరీరం సహజంగా కోరుకునేదానికి అడ్డం నిలబడి, ఆ అడ్డాన్ని మన వేళ్ళతోనే దాటిస్తాయి. ఇంత ఆలోచన ఉన్న నిర్మాణాన్ని మంచి కథానిర్మాణంతో సమానంగా గౌరవించాలి.

సగం తెలియడం, మనమే కదలడం, ఈ రెంటినీ యంత్రం లోపలి దాకా తీసుకెళ్ళిన గేమ్ ఏలియన్: ఐసొలేషన్. బ్రిటన్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ 2014లో దీన్ని తెచ్చింది. రిడ్లీ స్కాట్ 1979 సినిమాకు కొనసాగింపుగా, ఆ సినిమా నాయిక కూతురు అమాండా రిప్లీ, సెవాస్టపోల్ అనే అంతరిక్ష కేంద్రంలో చిక్కుకుంటుంది. అక్కడి జీవాన్ని చంపడం సాధ్యం కాదు. మంటలు చిమ్మే యంత్రంతో కాసేపు తరమవచ్చు, అంతే. అది ఎప్పుడు ఏ దారిన వస్తుందో ముందుగా రాసిపెట్టి ఉండదు. నిర్మాతలు దాని బుద్ధిని రెండు అంచెలుగా కట్టారు. పై అంచెకు ఆటగాడు ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలుసు. కింది అంచె ఆ జీవం. దానికి తెలియదు. పై అంచె అప్పుడప్పుడూ ఫలానా వైపు వెతుకు అని సుమారుగా సూచన మాత్రం ఇస్తుంది. ఆ తర్వాత అది తన కళ్ళతో, చెవులతో వెతుక్కోవాలి. చాలాసేపు మనకు దగ్గర్లోనే తిరుగుతుంటే ఒత్తిడి మితిమీరిందని లెక్కగట్టి పై అంచె దాన్ని దూరంగా పంపుతుంది, కాసేపటికి మళ్ళీ తెస్తుంది. అంటే తెలియకపోవడం రెండువైపులా ఉంది. మనం దాన్ని వెతుకుతున్నట్టే అది మనల్ని వెతుకుతోంది. మన చేతిలో కదలికలను పసిగట్టే పరికరం ఒకటి ఉంటుంది. దాని తెరను చూస్తున్నంతసేపూ ఎదుటి దృశ్యం మసకబారుతుంది, జీవం దగ్గర్లో ఉంటే దాని బీప్ శబ్దమే మనల్ని పట్టివ్వగలదు. సేవ్ చేయాలంటే గోడకున్న యంత్రంలో కార్డు పెట్టి కొన్ని సెకన్లు కాచుకోవాలి. ఆ సెకన్లలో ఆట ఆగదు, వెనకనుంచి అది వచ్చి చంపేయవచ్చు. భద్రత అనుకున్న చోటునే అత్యంత భద్రత లేని చోటుగా మార్చిన ఆ నిర్ణయం నా దృష్టిలో ఈ గేములన్నిటిలోకీ గొప్పది.

అయితే ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఆ గేములోనే కనిపిస్తుంది. జీవం పట్టుకుంటే ఏమవుతుంది? అమాండా చనిపోతుంది. తర్వాత? చివరిసారి సేవ్ చేసిన చోటునుంచి మళ్ళీ మొదలు. మొదటిసారి చచ్చినప్పుడు భయం, మూడోసారి విసుగు, ఏడోసారి లెక్క. ఏ అల్మారాలో ఎంతసేపు దాక్కోవాలో తెలిసిపోయాక అది వణికించే చోటు కాదు, పదేపదే చేయాల్సిన కసరత్తు. గేములో భయం నిజం కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలని అడిగేవాళ్ళున్నారు. ఈ లోపం నిజమే, తోసిపుచ్చలేం. ఏలియన్: ఐసొలేషన్ అవసరమైనదానికన్నా పొడుగైందనే విమర్శ కూడా న్యాయమైనదే. కాని ఈ లోపం నా వాదనను కూల్చదు, బలపరుస్తుంది. భయం రాక్షసుడి ఆకారంలో ఉంటే ఏడోసారి కూడా అంతే ఉండాలి, ఆకారం మారలేదు కదా. మారింది మనకు తెలిసిన పాలు. చావు మనకు ఇచ్చే సమాచారమే భయాన్ని చంపుతుంది. నిర్మాతల్లో తెలివైనవాళ్ళు దీన్ని గుర్తించారు. అమ్నీషియాలో చనిపోయి తిరిగివస్తే, ఇందాక ఉన్నచోట ఆ జీవం మళ్ళీ ఉంటుందన్న నమ్మకం లేదు. కొన్నిసార్లు వేరేచోట ఉంటుంది, కొన్నిసార్లు ఉండనే ఉండదు. ఆటను తేలిక చేసినట్టు కనిపించే ఈ ఏర్పాటు, చనిపోయి నేర్చుకున్న పాఠాన్ని పనికిరాకుండా చేస్తుంది. మనం మళ్ళీ సగం తెలిసిన స్థితికి వస్తాం.

ఇంత నెమ్మది ఈ కాలంలో ఎవరికి పడుతుందనే మాట కూడా వినిపిస్తుంది. ఆ అనుమానం పరిశ్రమకే వచ్చింది. 2012లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 6 పేలుళ్ళ యుద్ధంగా మారిపోయింది. 2017లో ఏడో భాగం మళ్ళీ ఒక్క కుటుంబం, ఒక్క పాడుబడ్డ ఇల్లు, కిర్రుమనే తలుపుల దగ్గరికి తిరిగొచ్చింది. ఆ రాకను విమర్శకులు, ఆటగాళ్ళు ఇద్దరూ స్వాగతించారు. సైలెంట్ హిల్ 2 కొత్త రూపం 2024 అక్టోబరులో విడుదలైన కొద్దిరోజుల్లోనే పది లక్షలకు పైగా అమ్ముడైంది. నెమ్మదికి గిరాకీ లేదనడం ఇక కుదరదు.

ఇంతకన్నా బరువైన ప్రశ్న తల్లిదండ్రులది. డబ్బిచ్చి భయం కొనుక్కోవడం మనసుకు మంచిదా? డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో వినోదం కోసం కోరి తెచ్చుకునే భయాన్ని అధ్యయనం చేసే బృందం ఉంది. జనాన్ని భయపెట్టడానికి కట్టిన ఒక భూతాల కొంపకు వచ్చిన సందర్శకుల మీద వాళ్ళు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, భయం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా ఆనందం తగ్గుతుందనీ, మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువగా ఉంటుందనీ తేలింది. గేములో ఆ మధ్యస్థాన్ని వెతుక్కునే వీలు ఆటగాడి చేతిలోనే ఉంది. నెమ్మదిగా వెళ్ళవచ్చు, దీపం వేసుకోవచ్చు, ఆపేయవచ్చు. ఎదిగిన మనిషి విషయంలో నాకు ఆందోళన లేదు. పిల్లల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. సైలెంట్ హిల్ 2లో ఆత్మహత్య ఆలోచన ఉంది, ఇంట్లోనే జరిగిన లైంగిక హింస ఛాయలున్నాయి, దీర్ఘరోగంతో నలిగిన దాంపత్యం ఉంది. ఐరోపాలో దాని 2024 రూపానికి ఇచ్చిన వయసు ముద్ర 18. అది పెద్దల కథ కాబట్టే పెట్టిన హద్దు. మన ఇళ్ళలో గేములన్నీ పిల్లలవే అనే అలవాటుతో పెట్టె మీది ఆ అంకెను ఎవరూ చూడరు. చూడాలి.

అదే గేము చేసే మరో పని చెప్తే, ఈ నెమ్మది ఎక్కడిదాకా వెళ్ళగలదో అర్థమవుతుంది. సైలెంట్ హిల్ 2కు ఒకటికన్నా ఎక్కువ ముగింపులున్నాయి. ఏది వస్తుందనేది ఎక్కడా అడిగి నిర్ణయించరు. జేమ్స్ గాయపడినప్పుడు మనం వెంటనే మందు వాడామా, చాలాసేపు అలాగే నడిపించామా, భార్య ఫొటోను తీసి చూశామా, ఆంజెలా అనే అమ్మాయి ఇచ్చిన కత్తిని మళ్ళీ మళ్ళీ పరిశీలించామా, తోడు వచ్చిన మరియాను ఎంత కనిపెట్టుకొని ఉన్నాం, ఇలాంటివన్నీ గేము చడీచప్పుడు లేకుండా గమనిస్తుంది. ఆ ఒంటిని పట్టించుకోకుండా, ఆ కత్తినే చూస్తూ గడిపితే, ప్రాణం మీద ఆశ వదులుకున్న మనిషి కథగా అది ముగుస్తుంది. ఆడినంతసేపూ చీకట్లోకి చూస్తున్నది మనమే అనుకుంటాం. మన నిర్లక్ష్యాన్నీ శ్రద్ధనూ అటువైపునుంచి గేము చదువుతూనే ఉంది. చదివే పుస్తకం, చూసే సినిమా ఈ పని చేయలేవు. చేతలతో చేసే ఆటకే ఇది సాధ్యం.

చివరిగా, ఇప్పుడు అందరూ చెప్పే మాట ఒకటుంది: ఆడటమెందుకు, యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే చూస్తే సరిపోతుంది కదా? తెలుగులోనూ గేములు ఆడి చూపించే ఛానెళ్ళు ఉన్నాయి, వాటికి ప్రేక్షకులూ ఉన్నారు. అమ్నీషియా పేరు లోకమంతా పాకింది కూడా అలా భయపడి అరిచేవాళ్ళ వీడియోల వల్లే. ఆ మేలు కాదనను. కాని వీడియోలో మనకు అందేది ఆ అరుపు, దానికి ముందున్న మౌనం కాదు. ఆడేవాడి మాటలు ఆ మౌనాన్ని నింపేస్తాయి, తలుపు తెరవాలా వద్దా అన్న నిర్ణయం అతనే తీసుకుంటాడు, మనం తీర్పు చెప్పే కుర్చీలో హాయిగా ఉంటాం. ఇంతసేపూ చెప్పుకున్న రెండు సగాల్లో రెండోది పూర్తిగా పోతుంది. చప్పుడు లేని భాగాలను కత్తిరించిన వీడియోల్లో మొదటిదీ పోతుంది. అమ్నీషియా మొదలయ్యేముందు నిర్మాతలు తెర మీద చేసే వినతి ఇదే: గెలవాలని ఆడకండి, చీకటి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఆ లోకంలో ఉండండి. పాత గేము కనుక సాధారణ కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. పద్దెనిమిదేళ్ళు దాటి, ఇలాంటివి పిచ్చి ఆటలని అనుకుంటున్నవాళ్ళు ఒక్క గంట ఆ వినతి ప్రకారం ఆడి చూడండి. నచ్చకపోతే ఆపేయవచ్చు. తీర్పు మాత్రం ఆడిన తర్వాతే ఇవ్వండి.